ఉంగరం గుర్తు ప్రెసిడెంటు గారు

సోమవారం. రాత్రంతా ముసురు పట్టి తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. డాబా మీద నిలిచిన నీళ్లు చీపురుతో తోసి, తూముకు అడ్డం పడ్డ కొబ్బరి మట్ట తీసి కిందికి దిగుతుండగా ఫోను మోగింది. గుడివాడ నుంచి ప్రెసిడెంటు గారి అమ్మాయి. అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని, మధ్యాహ్నానికి మన ఊరు తీసుకొస్తున్నామని చెప్పింది. సరేనమ్మా అన్నాను. మా ఆవిడకు చెబితే స్టవ్ కట్టేసి వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయింది. కాసేపటికి, "మొన్ననే కదండీ, ఎన్నికలు ఎప్పుడు పెడతారట అని నన్ను అడిగారు" అంది. అని, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో మాది చిన్న పంచాయతీ. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు అంటాం. ఆమె ఒక్కసారి గెలిచారు, ఒక్కసారి ఓడిపోయారు. అయినా పోయేదాకా మా ఊళ్లో ప్రెసిడెంటు గారంటే ఆమే. అదెలా కుదిరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. రైసు మిల్లులో గుమాస్తాగా లెక్కలు రాశాను, ఇప్పటికీ ఇంటి జమాఖర్చు ఏ రోజుది ఆ రోజు రాస్తాను. బడికి వెళ్లింది తక్కువ. బస్తాల మీది మార్కులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. పక్కింట్లోనే ఉండేవారు కాబట్టి నా రాతలో తప్పులుంటే ఆమే దిద్దేవారు. ఇకమీదట మీరే సర్దుకోవాలి.

ఆమె మా ఊరి బడిలోనే టీచరుగా చేసి రిటైరయ్యారు. మొదటిసారి సీటు ఆడవాళ్లకు వచ్చినప్పుడు పెద్దలంతా వెళ్లి నిలబడమని అడిగారు. అలాంటి సీట్లలో పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అవుతుందని ఊరికి తెలుసు. ఆమెకూ తెలుసు. "మా ఆయన మాస్టారు ఎలాగూ లేరు. నా బదులు కూర్చోవడానికి ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. అది మీకు ఇబ్బంది కాకపోతే నిలబడతాను" అన్నారు. పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు గానీ, అడిగి వెనక్కి తగ్గలేక ఊరుకున్నారు.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. బ్యాలెట్ కాగితం మీద మనిషి పేరు కూడా ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. నిలబడ్డవాళ్ల పేర్లను అక్షరమాల వరసలో పెట్టి వరసగా గుర్తులు ఇస్తారు. అలా ఆమెకు ఉంగరం వచ్చింది. మా వైపు పెళ్లికి పిలిచినట్టే ఓటుకూ ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలుస్తారు. ఆమెది చర్చి కుటుంబం, బొట్టు పెట్టుకోరు. అందుకని కుంకుమ భరిణె మా ఆవిడ చేతిలో, పళ్లెం ఆమె చేతిలో. ఇదేం పద్ధతి అని ఎవరో అంటే, "బొట్టు మీ ఇంటి మర్యాద, అడగడం నా అవసరం. రెండూ ఒకే పళ్లెంలో పడతాయిలెండి" అన్నారు.

ప్రచారం కూడా బడి పాఠంలాగే చేశారు. తన వేలికున్న పెళ్లినాటి ఉంగరం పైకెత్తి చూపించి, ఎదుటి మనిషి చేత కూడా వేలు పైకెత్తించి, "ఏ గుర్తమ్మా?" అని అడిగేవారు. ఉంగరం అనేదాకా కదిలేవారు కాదు. వినపడని ముసలమ్మల దగ్గర మళ్లీ మళ్లీ చెప్పించేవారు. గెలిచారు. గెలిచిన మర్నాడే అదే పళ్లెం పట్టుకుని, అదే వరసలో, ఓటు వేయలేదని తెలిసిన ఇళ్లతో సహా ఊరంతా మళ్లీ తిరిగారు. ఓటు అడగడం సిగ్గు కాదు తమ్ముడూ, అడిగిన గుమ్మం ముందు నుంచి మొహం తిప్పుకుని వెళ్లడం సిగ్గు అని నాతో చాలాసార్లు అన్నారు.

ఆ తర్వాత ఊరంతటికీ అదొక అలవాటైపోయింది. ఆమె గొడుగు వేసుకుని వీధిలో వెళ్తుంటే అరుగుల మీది ముసలమ్మలు నమస్కారానికి బదులు వేలు పైకెత్తి చూపించేవారు. ఆమె కూడా గొడుగు చెయ్యి మార్చుకుని వేలెత్తేవారు.

పని చేయించే తీరు కూడా టీచరుదే. మండలం ఆఫీసులో ఎవరైనా నీళ్లు నమిలితే, "ఇంకోసారి చెప్పండి బాబూ, వెనక బెంచీకి వినపడలేదు" అనేవారు. వెనక బెంచీ అంటే నేను. నన్ను వెంట తీసుకెళ్లి గోడవారగా కూర్చోబెట్టేవారు. నేను మాట్లాడకుండా కూర్చోవడమే తనకు బలమని చెప్పేవారు.

మా నేలలో బోరు వేస్తే ఉప్పునీళ్లే. ఆమె హయాంలో మంచినీళ్ల పైపు ఊరంతా వచ్చింది, కరకట్ట దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. కట్టకు అవతల సముద్రం వైపు ఒక పల్లె ఉంది. వేటకు వెళ్లేవాళ్లు, కూలి పనులు చేసుకునేవాళ్లు. అక్కడి ఆడవాళ్లు బిందెలతో కట్ట ఎక్కి దిగి నీళ్లు తెచ్చుకునేవారు. కట్ట తవ్వి పైపు వేయాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేలోపు ఆమె పదవీకాలం అయిపోయింది. ఎన్నికలు జరగలేదు, చాలాకాలం ప్రత్యేక అధికారుల పాలన నడిచింది. పైపు మాత్రం కట్ట మొదట్లో మూతి బిగించుకుని పడి ఉంది. తొలి ఎన్నికలో ఆ పల్లెకు నీళ్లిస్తానని ఆమె మాట ఇచ్చారు. సాయంత్రాలు కట్ట మీద నడిచి వచ్చినప్పుడల్లా ఆ మూత కాలితో తట్టి చూసి, "ఇది అవతలికి దాటేదాకా నేను రిటైరు కాను" అనేవారు.

మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి సీటు జనరల్ అయింది. ఈసారి ఆడవాళ్ల సీటు కాదు కదండీ అని ఒక పెద్దాయన గుర్తుచేశారు. ఆడవాళ్లు కూర్చుంటే విరిగిపోతుందని రాసుందా అని అడిగి నామినేషను వేశారు. పోటీగా నిలబడింది రొయ్యల చెరువులు చేసే ఒక అబ్బాయి. ఆమె దగ్గర ఐదో తరగతి దాకా చదువుకున్నవాడే. అతని పేరు అక్షరమాలలో ఆమె పేరుకన్నా ముందొస్తుంది. ఉంగరం అతనికి వెళ్లిపోయింది. ఆమెకు కత్తెర వచ్చింది.

అతను దొంగతనమేమీ చేయలేదు. అక్షరమాల ఇచ్చింది పుచ్చుకున్నాడు. పైగా ఆ సాయంత్రమే వచ్చి, ఇలా అవుతుందనుకోలేదండీ అని సంజాయిషీ చెప్పుకున్నాడు. అక్షరాలు నేర్పింది నేనే కదా, ఎవర్ని అంటాం అని అతనికి కాఫీ ఇచ్చి పంపారు.

ఇక చూడండి, ఉన్న కొద్ది రోజుల్లో ఊరంతటి చేతా ఉంగరం మరిపించాలి. వేలికున్నది తీసి బీరువాలో పెట్టేశారు. టైలరు దగ్గర పెద్ద కత్తెర అడిగి తెచ్చుకున్నారు. గడప ఎక్కగానే ముసలమ్మలు ఆప్యాయంగా వేలు పైకెత్తేవారు. కట్టవతల పల్లెలో ఒక మామ్మ ఉంది, వాడ మొత్తానికీ పెద్దదిక్కు. ఆమె ఇంటికి శుక్రవారం పొద్దున్నే వెళ్లాం.

"ఉంగరమేగా, నాకు తెల్దా" అంది మామ్మ.

"కాదు మామ్మా, ఈసారి కత్తెర."

"శుక్రవారం పూట కత్తెర పేరెందుకమ్మా, తీసి లోపల పెట్టు. నా ఓటు నీకే."

పళ్లెంలో ఉన్న కత్తెర మీద మా ఆవిడ కొంగు కప్పింది. అక్కడితో ఆ పాఠం ఆగిపోయింది.

పోలింగు నాడు బడికి దూరంగా వేసిన టెంటు కింద ఆమె, నేను కూర్చున్నాం. మామ్మ ఓటు వేసి, వేలి మీది సిరా చూపిస్తూ నేరుగా మా దగ్గరికి వచ్చింది. "గుద్దేశానమ్మా. వరసలో కుర్రాళ్లు ఏవేవో చెప్పారు, నేనెందుకు వింటాను? నీ ఉంగరానికే గుద్దాను" అంది. వాడలో అందరి చేతా అలాగే గుద్దించానని కూడా చెప్పింది.

నేను ప్రెసిడెంటు గారి మొహం వైపు చూశాను. ఆమె లేచి, కుండలో మజ్జిగ గ్లాసులో పోసి మామ్మ చేతికిచ్చారు. "ఎండన పడి ఇంత దూరం నడిచి వచ్చావు. తాగి, నీడ పట్టున కాసేపు కూర్చుని వెళ్లు" అన్నారు. అంతే. నేనేదో అనబోతే చేత్తో వద్దని సైగ చేశారు.

ఓట్ల లెక్కింపుకు ఆమె తరఫున నేనే కూర్చున్నాను. ఉంగరం కట్టలు పెరుగుతూ పోయాయి. కొద్దిపాటి తేడాతో ఓడిపోయాం. ఆ తేడా కట్టవతల వాడకు సరిపోతుందని నా మనసులో లెక్క వేసుకున్నాను. బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"చెప్పు తమ్ముడూ. ఫెయిలైన పిల్లవాడిలా నిలబడ్డావేం?"

"ఉంగరమండీ" అన్నాను.

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "అన్నేళ్ల కిందట చెప్పిన పాఠం ఒక్కరూ మర్చిపోలేదు. ఏ టీచరుకి దక్కుతుందయ్యా ఇది" అన్నారు. నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పైపు సంగతే ఎలా అని" అన్నారు.

గెలిచిన అబ్బాయి దండ మెడలోంచి తీసేసి చేత్తో పట్టుకుని ఆ సాయంత్రమే వచ్చాడు. గడపలోనే నిలబడి, "నాకు పడ్డవాటిలో సగం మీవేనండీ, నాకు తెలుసు" అన్నాడు.

"అయితే సగం కుర్చీ నాది" అన్నారు ఆమె. "ఆ సగంతో పైపు కట్ట దాటించు. మిగతా సగంతో నువ్వేం చేసుకున్నా నేను అడగను."

సరేనన్నాడు. ఏదో మాటవరసకని నేను అనుకున్నాను. కానీ పంచాయతీ ఆఫీసులో తన బల్ల పక్కన రెండో కుర్చీ వేయించాడు. ఆమె గొడుగు ఆ కుర్చీకి తగిలించి కూర్చునేవారు. అనుమతి కోసం ఇద్దరూ బస్సులో బందరు వెళ్లేవారు, వెనక బెంచీగా నేనూ వెళ్లేవాణ్ని. కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే. ఒకసారి ఒక ఆఫీసరు గారు, మీ ఇద్దరిలో ప్రెసిడెంటు ఎవరని అడిగితే, అతను ఆమెను చూపించాడు, ఆమె అతన్ని చూపించారు. ఆయన విసుక్కుని నన్ను అడిగాడు. నేను మామూలుగానే మాట్లాడలేదు. బయటికొచ్చాక మెట్ల మీద ముగ్గురం ఎంత నవ్వామో చెప్పలేను.

ఆలస్యమైంది గానీ పైపు కట్ట దాటింది. పల్లెలో మొదటి పంపు తిప్పడానికి అతను ఆమెను రమ్మన్నాడు. ఆమె మామ్మను పిలిచి తిప్పించారు. నీళ్లు ముందు గాలితో దగ్గి, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత తెల్లగా వచ్చాయి. మామ్మ దోసిలితో తాగి, మూతి తుడుచుకుని, "చూశారా, నేను గుద్దిన ఓటు ఊరికే పోలేదు" అంది. అసలు ప్రెసిడెంటు ఆ పక్కనే నిలబడి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నుంచి అతను కూడా ఆమెను ప్రెసిడెంటు గారనే పిలిచాడు. ఆ ఎన్నికలో గెలిచింది ఆమె కాదన్న నిజం పల్లెలో ఆడవాళ్లకు చెప్పడానికి ఇన్నేళ్లలో ఎవరికీ మనసొప్పలేదు.

ఒంట్లో బాగుండక కూతురింటికి వెళ్లాక కూడా ఫోన్లో అడిగేది ఎన్నికల గురించే. మళ్లీ నిలబడతారా అని మా ఆవిడ అడిగితే, "ఏ గుర్తు ఇస్తారో చూసి చెబుతాను" అన్నారట.

మధ్యాహ్నం తీసుకొచ్చారు. పాటలు పాడుతూ కట్ట దాటించి, పల్లె పక్కనున్న సమాధుల దొడ్డిలో మాస్టారి పక్కనే ఉంచాం. తిరిగి వస్తూ అందరూ పల్లెలోని పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. మామ్మ అక్కడే కర్ర ఆనించి కూర్చుని ఉంది. ఆ రొయ్యల చెరువుల అబ్బాయి తన దగ్గరికి రాగానే తలెత్తి చూసింది.

"ఇక మనకి ప్రెసిడెంటు ఎవరబ్బాయ్?"

చుట్టూ ఉన్నవాళ్లం కాళ్లు కడుక్కోవడం ఆపేశాం. అతను చేతులు కట్టుకుని, "ఇప్పటికైతే ఎవరూ లేరు మామ్మా. వచ్చే ఎన్నికల్లో నేను నిలబడదామనుకుంటున్నాను. మీరే చూడాలి" అన్నాడు.

మామ్మ అతన్ని కిందికీ పైకీ పరకాయించి చూసింది. "ఆవిడ వెనకాల తిరిగావుగా, కాస్తో కూస్తో నేర్చుకునే ఉంటావు. చూద్దాంలే. ముందు ఈ పంపు సంగతి చూడు, నాలుగు రోజుల నుంచి కారిపోతోంది" అంది.

అతను బండిలోంచి పానా తెప్పించుకున్నాడు. తెల్ల లాల్చీ చేతులు మోచేతుల పైకి మడిచి, పంచె ఎగగట్టి, బురదలో గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు మొహం మీదికి చిమ్ముతున్నాయి. మామ్మ కర్రతో లేచి వెళ్లి అతని నెత్తిన నిలబడింది.

"అటు కాదు, ఇటు. ఇంకొంచెం తిప్పు."