మావాడు చేసిన హత్య

నోట్లో నాలుక లేని మనిషి. నా గురించి మా ఊళ్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఎరువులూ పురుగుమందులూ అమ్మే దుకాణం మాది. "మీ మందు కొడితే పురుగు చావలేదు సరికదా, ఇంకా బలిసిందండి" అని ఏ రైతైనా అందరి ముందూ అరిస్తే, "రండి, కూర్చోండి, ముందు మంచినీళ్లు తాగండి" అంటాను. లోపల మాత్రం ఆ డబ్బా మూత తీసి అతని నోట్లోనే పోసెయ్యాలనిపిస్తుంది. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదు. తెలిసినవాళ్లెవరైనా ఉన్నారంటే, నా ఫోన్లో ఉన్న ఆ పదకొండు మందే.

ఫోన్లో మాదొక గ్రూపు ఉంది. తలా ఒక పాత్ర పట్టుకుని, ఆ పాత్ర మాటలూ చేతలూ టైపు చేస్తూ కథ నడుపుతాం. రోల్‌ప్లే అంటారు. ఒకరు రాసినదానికి ఇంకొకరు అప్పటికప్పుడు బదులు రాయాలి. మా కథంతా గోదావరి మధ్య ఒక లంకలో జరుగుతుంది. వరద తగ్గాక తేలిన నేల నాదంటే నాదని రెండు కుటుంబాలు నరుక్కుంటుంటాయి. ఒక కుటుంబం చేతికి కత్తిచ్చి పెంచిన మనిషి నా పాత్ర. కథలో వాడికో పేరుంది గాని, నేనెప్పుడూ మావాడు అనే అంటాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక బేరాలుండవు. షట్టరు సగం దించి, యూరియా బస్తాల మీద కూర్చుని నరికేవాణ్ణి.

బొండాలు కొట్టే కత్తితో మావాడు ఒకడి మణికట్టుని రేవు మెట్టు మీద పెట్టించి కొట్టాడు. రెండో దెబ్బకి గాని చెయ్యి ఊడలేదు. ఆ రెండో దెబ్బ గురించి ఆరు వాక్యాలు రాశాను. ఇంకొకణ్ణి తడి ఇసకలో ముఖం కూరి, కాళ్లు కొట్టుకోవడం మానేదాకా మెడ మీద కూర్చున్నాడు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు కురిసేవి. "ఫోన్లో మాట్లాడితే ఇంత మెత్తగా ఉంటారు, రాస్తే ఇంత రాక్షసంగా ఉంటారేంటండీ!" అనేవారు. నిజం చెప్పొద్దూ, పొంగిపోయేవాణ్ణి.

పంటు మీద మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే ముసలి సరంగు పాత్ర ఒకావిడది. ఆవిడ కాకినాడ వైపు ఏదో బళ్లో పంతులమ్మ అని తప్ప ఇంకేమీ తెలియదు. ఒకసారి నాకు విడిగా మెసేజి పెట్టింది.

"ఈ సరంగు మా నాన్నగారేనండి. పంటు మీదే బతికారు. పక్షవాతం వచ్చి ఆఖరి నాలుగు నెలలూ నోట మాట లేకుండానే వెళ్లిపోయారు. ఇక్కడ రాస్తుంటే నేను రాస్తున్నట్టుండదండి, ఆయనే చెబుతున్నట్టుంటుంది. నేనొకటి అనుకుంటే ఆయన ఇంకోటి అంటారు."

అడగకుండా ఎదుటివాళ్ల పాత్రని చంపకూడదని గ్రూపులో ఎలాగూ నియమం ఉంది. ఆ సరంగు ఒంటి మీద మావాడి గోరు కూడా పడకూడదని నాకు నేనే ఇంకో నియమం పెట్టుకున్నాను.

ఆ రోజు మావాడు పారిపోయిన శత్రువుని వెతుక్కుంటూ పంటు ఎక్కాలి. శత్రువుని సరంగు గోనెపట్టాల కింద దాచి, ఇక్కడ ఎవరూ లేరని అబద్ధం చెప్పాలి. అది అబద్ధమని తెలిసినా, ముసలాయన ముఖం చూసి మావాడు వదిలేసి దిగిపోవాలి. ఆవిడా నేనూ ముందే ఇలా అనుకున్నాం. మావాడు పంటు ఎక్కి, "ఎక్కడ దాచావు?" అని అడిగాడు. సరంగు జవాబు వచ్చింది.

"మొహం పీక్కుపోయింది. అన్నం తిన్నావా బాబూ?"

ఆ మాట దగ్గర నాకేమైందో తెలియదు. చెవులు వేడెక్కాయి. 'తల దించుకున్నాడు' అని రాయాల్సిన వేళ్లు 'జుట్టు పట్టుకున్నాడు' అని రాశాయి. మావాడు ముసలాయన తల వెనక్కి విరిచి, పంటు కమ్మీకేసి మోదాడు. మళ్లీ మోదాడు. పళ్లు చెక్క మీద రాలాయి. ఆ నోటితోనే ఆయన ఇంకా ఏదో అనబోతుంటే, అననివ్వకూడదని కత్తి తీసి గొంతు మీద అడ్డంగా లాగాడు. ఒక్క లాగుకి తెగలేదని మళ్లీ లాగాడు. నెత్తుటితో జారిపోతున్న ఆ మనిషిని కాలితో గోదావరిలోకి తోశాడు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. పంపించేశాక గాని నేను రాసింది నేను చదువుకోలేదు.

"ఏంటండీ ఇది?" అని ఆవిడ రాసింది. "మనం అనుకున్నది ఇది కాదు కదండీ."

"నా చేతిలో లేదండి. వాడే చేశాడు. ఆపుదామనుకునేలోపే చెయ్యి జారిపోయింది" అని రాశాను.

గ్రూపంతా నా పక్కకే వచ్చింది. మా పూజారి నాకు చెప్పకుండా సారా మొదలెట్టాడండి అని ఒకాయన రాశాడు. నా పిల్ల పెళ్లిపీటల మీంచి లేచిపోయింది, ఎంత బతిమాలినా కూర్చోలేదు అని ఇంకొకావిడ రాసింది. ప్రాణమొచ్చిన పాత్ర రాసేవాడి మాట వినదట, మంచి రాతకి అదే గుర్తట. చేసిన హత్యకి సన్మానం జరిగినట్టయింది. సిగ్గులేకుండా నేను కూడా ఒక నమస్కారం బొమ్మ పెట్టాను.

అదంతా ఒక కల అని రాసేద్దాం, లేదా సరంగు కొనఊపిరితో ఒడ్డుకి కొట్టుకొచ్చాడని రాద్దాం అని సలహాలిచ్చారు. ఆవిడ సరేనంది. రెండు రోజులు ప్రయత్నించింది. మూడో రోజు నాకు విడిగా రాసింది.

"రాయడం వస్తోందండి. కానీ అవన్నీ నా మాటలే. ఎవరో ముసలాయన ఇలా మాట్లాడతాడేమోనని ఊహించి రాసినట్టున్నాయి. నాన్నగారు రావట్లేదండి. మీరు గొంతు కోసేశారు కదా."

చదివి ఫోను బస్తా మీద బోర్లా పెట్టాను.

కాసేపటికి అన్నయ్య దుకాణానికొచ్చాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎడమపక్కన కూర్చోవాలి. మా నాన్న కొట్లో తూకం వేస్తూ అరకిలో రాయి పట్టుకున్న చేత్తోనే చెంప మీద కొట్టిన రోజున కుడిచెవి పోయింది. రక్తం మెడ మీంచి చొక్కాలోకి దిగుతుంటే నేను కౌంటరు కింద దూరి చూశాను. కొట్టాక నాన్నే ఏడ్చేవాడు, ఆయనే కొబ్బరినూనె రాసేవాడు. "చెయ్యి జారిందిరా. నేను కొట్టలేదు, కోపం కొట్టింది" అనేవాడు. ఊళ్లో ఆయనకీ మెత్తని మనిషనే పేరు.

"నాన్న కొట్టాక ఏమనేవాడో గుర్తుందా?" అని అడిగాను. గ్రూపు సంగతి చెప్పలేదు.

"గుర్తుండకేం. అన్నం తిన్నావారా అనేవాడు. దెబ్బకి కాదురా, ఆ మాటకి మండేది నాకు. పీక పిసికెయ్యాలనిపించేది."

"చెయ్యి జారిందని కూడా అనేవాడు."

"చెయ్యి జారితే ఒకసారి జారుద్ది. ఎనిమిదేళ్లు జారుద్దేంటిరా?" అన్నాడు అన్నయ్య.

ఆయన వెళ్లాక షట్టరు పూర్తిగా దించేశాను. మావాడు ఎవరి పీక కోశాడో అప్పుడు తెలిసింది నాకు. తెలిసినందుకు ఊరట కలగలేదు, భయం వేసింది. నోరు జారుతుంది, చెయ్యి జారుతుంది, కోపం వస్తుంది. మన మాటల్లో తప్పు చేసిన మనిషే కనపడడు. పాత్రలు ఎదురు తిరగవని నేననను. ఆ రెండు నిమిషాలూ రాసింది నేనేనన్న జ్ఞాపకం నాకు ఇప్పటికీ లేదు. మా నాన్నకీ ఉండేది కాదేమో. అయినా అన్నయ్య చెవి పోయింది.

ఫోను తీశాను. 'జరిగినదానికి క్షమించండి' అని కొట్టాను. జరిగిందేంటి నా మొహం, అని చెరిపేశాను. 'మావాడి తరఫున' అని మొదలెట్టి అదీ చెరిపేశాను. మా నాన్న కథ రాద్దామా అనుకున్నాను. అది ఇంకో సాకు అవుతుందని మానేశాను. చివరికి ఇంతే మిగిలింది.

"సరంగు గారిని చంపింది నేనేనండి. ఆయన మీ నాన్నగారని తెలిసే చంపాను."

"తెలుసండి" అని జవాబు వచ్చింది. ఆ వెంటనే ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది.