వెనక మెట్ల నుంచి లెక్క

మా బాబాయి వడ్రంగి. నలభై రెండేళ్లు ఒకే భవనంలో పనిచేశాడు. భవనం అదే గానీ అందులో ఉండేవాళ్లే మారుతూ వచ్చారు. కట్టింది కోర్టు కోసం. ఆయన పనిలో చేరేనాటికి ఆసుపత్రి అవుతోంది. తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది. నేను చదివింది అందులోనే. కాలేజీ పోయి పన్నుల ఆఫీసు వచ్చింది. "జ్వరాలు పోయి పన్నులొచ్చాయి, మూలుగులు మాత్రం అవే" అనేవాడు.

ఆసుపత్రి వాళ్లు మంచాలు తోసుకెళ్లడానికి అడ్డమని పై వసారాలో వరసగా ఉన్న పద్దెనిమిది గదులకూ కోర్టునాటి టేకు తలుపులు ఊడదీయించి పరదాలు కట్టారు. బాబాయికి అప్పగించిన మొదటి పని ఆ ఊడదీయడమే. పొయ్యిలోకి పంపేయమంటే ఆయన వాటిని పెరటి షెడ్డులో దాచాడు. పాత గోడలు, ఏ రెండు గుమ్మాలూ ఒక్క కొలతలో ఉండవు. ఒకటి బొటనవేలంత పొడుగైతే మరొకటి పక్కకు ఒరిగి ఉండేది. దేని తలుపు దానికే పడుతుంది. అందుకని ఒకటో గది తలుపు పైఅంచున ఉలితో ఒక గాటు, రెండోదానికి రెండు, అలా పద్దెనిమిది దాకా పెట్టుకున్నాడు.

కాలేజీ వాళ్లూ పన్నుల వాళ్లూ చవక తలుపులతోనే కాలం గడిపారు. బాబాయి మాత్రం ఏటా ఎండాకాలంలో పాత తలుపులు దించి, తుడిచి, నూనె పట్టించేవాడు. తన మోకాళ్లకు లేని నూనె వాటికి దొరుకుతోందని పిన్ని దెప్పేది. వాటిని మళ్లీ వాటి గుమ్మాల్లో నిలబెట్టాకే పోతానని ఆయన నవ్వుతూనే అనేవాడు గానీ, అది నవ్వులాట కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి ఆ భవనాన్ని మ్యూజియం చేస్తున్నారని, పాత తలుపులే పెడతారని కబురొచ్చింది. అప్పటికి బాబాయి తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. ఏ తలుపు ఏ గదిదో, ఎటు తెరుచుకోవాలో రాసి పంపమన్నాడు ఇంజనీరు. బాబాయికి రాయడం రాదు. నేను టీచర్ని కాబట్టి మంచం పక్కన కూర్చున్నాను.

"వెనక మెట్లెక్కి వస్తాంగా, అక్కణ్ణుంచి అందుకో పంతులమ్మా" అని మొదలుపెట్టాడు. అది ఆయన మాట్లాడే తీరు అనుకున్నాను. నా కాగితంలో అలాంటి మాటలకు చోటు లేదు. గళ్లు గీసి, ఒకటో గది, ఒక గాటు తలుపు, బందులు కుడివైపు అని ముత్యాల్లా రాసుకుంటూ పోయాను. పనివాళ్లు వచ్చేది వసారా అవతలి కొసనున్న పెరటి దారినని, ఆయన లెక్క ఎప్పుడూ అక్కడే మొదలవుతుందని నాకు తట్టలేదు.

ప్రారంభం రోజున కర్ర పట్టుకుని వచ్చాడు. ముందు మెట్లెక్కగానే ఎదురైన మొదటి తలుపు అంచు అరచేత్తో తడిమాడు. కొత్తగా చిత్రిక పట్టిన చెక్క. రెండోదాని కింద అతుకు. మూడోదానికి పైన రెండు వేళ్లు పట్టే సందు. నాలుగోదాని దాకా వెళ్లలేదు.

లెక్క ఎక్కణ్ణుంచని రాశావని అడిగాడు. అది రాయలేదని చెప్పాను. ముందు నుంచే లెక్కపెడతారనుకున్నానన్నాను.

"అవున్లే. నువ్వెప్పుడూ ముందు గుమ్మంలోంచే వచ్చావు" అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఇంతలో ఇంజనీరు వచ్చి దణ్ణం పెట్టాడు. మంచివాడే. ఒక్క తలుపూ సరిగ్గా పడలేదని, చెక్క వంకర పోయిందేమో అనుకుని కోయించామని, తేదీ దగ్గర పడితే మళ్లీ అడిగే వీలు లేకపోయిందని నొచ్చుకుంటూ చెప్పాడు. ఆ చీటీలో ఏమైనా తేడా ఉందా అని అడిగాడు.

"వయసైపోయింది బాబూ. నేనే తారుమారు చెప్పినట్టున్నాను" అన్నాడు బాబాయి.

ఆ భవనంలో ఏ తలుపు గురించీ ఆయన పొరపాటు చెప్పి ఎరగడు. పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఇంజనీరు ఆయన భుజం తట్టి, పర్లేదు పెద్దాయనా, అందరికీ జరిగేదేనన్నాడు. బాబాయి తలూపాడు. నేను బ్యాగులో కళ్లజోడు వెతుక్కున్నాను.

ఎనిమిది నెలలకు ఆయన పోయాడు. ఇప్పటికీ ఆ సందుల గురించి ఎవరైనా అడిగితే, ముసలి వడ్రంగి పొరబడ్డాడని చెబుతారట అక్కడివాళ్లు.