పడ్డవా, పడేసిండా

నా చిన్నప్పుడు మేము తార్నాకలో, యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. అనంతపురం నుంచి వచ్చి పదేళ్లయినా మా ఇంట్లో మాట మారలేదు. నేను మాత్రం గేటు దాటగానే మార్చేసేవాణ్ణి. ఇంట్లో 'వచ్చినాడు' అన్నవాణ్ణి గ్రౌండ్‌లో 'వచ్చిండు' అనేవాణ్ణి. పిల్లలందరూ అలాగే చేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఒక్కరోజు తప్ప.

క్యాంపస్‌లో మేం ఫుట్‌బాల్ ఆడేది ఎర్రమట్టి గ్రౌండ్. దానికి నీళ్లు చల్లడం, సున్నంతో గీతలు గీయడం పనిగా ఉన్న ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ఆదివారాలు మా మ్యాచ్‌లకు రెఫరీ కూడా ఆయనే. మేం రెఫరీ మామ అని పిలిచేవాళ్లం. ఆయన జేబులో ఒక విజిల్, రెడ్ కార్డుకు బదులు పాత నోటుబుక్కు అట్ట నుంచి కత్తిరించిన ఎర్ర ముక్క ఒకటి ఉండేవి.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరైనా కిందపడితే విజిల్ వేసి, వాడి దగ్గరికి నడిచివెళ్లి, వంగి, "పడ్డవా, పడేసిండా?" అని అడిగేవాడు. పడినవాడు ఏం చెబితే అదే తీర్పు. ఇంత తేలికైన పద్ధతిని మేం రోజూ ఎందుకు మోసగించలేదో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన అడిగే తీరులో అనుమానం ఉండేది కాదు. అందుకే కాబోలు.

నాకు పదమూడేళ్లప్పుడు మా క్వార్టర్స్ జట్టుకూ తార్నాక గల్లీల జట్టుకూ మ్యాచ్ జరిగింది. గల్లీల జట్టులో వెనక కాపు కాసేది రెఫరీ మామ కొడుకు. నాకంటే మూడేళ్లు పెద్ద. అందరం అన్నా అనేవాళ్లం. ఆ రోజు ఒక స్పోర్ట్స్ హాస్టల్ నుంచి కోచ్ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరిని తీసుకుంటానన్నాడు. చదువు, తిండి, ఆట అన్నీ హాస్టల్‌లోనే. గ్రౌండ్ నుంచి బయటికి పంపించుకునేవాళ్లు మాత్రం తనకు అక్కర్లేదని ముందే చెప్పాడు. ఆ ఇద్దరిలో ఒకడు అన్నే అని అందరికీ తెలుసు. పదో తరగతి తప్పి, చేతిపనికి పోవాల్సిన సమయం వచ్చిన వాడికి మిగిలిన దారి అదొక్కటే.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లకూ చెరొక గోల్. బంతి నాకు దొరికింది. ఎదురుగా గోలీ తప్ప ఎవరూ లేరు. అన్న వెనక నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. బంతి నా కాలికి అందకుండా ముందుకు జారిపోయింది. ఇక అందదని నాకు అర్థమైంది. పక్కన అన్న నీడ కనిపించింది. కాళ్లు ముడుచుకుని పడిపోయాను. మోకాలు చెక్కుకుపోయింది. రక్తం మాత్రం నిజం.

రెఫరీ మామ పదడుగుల దూరంలో ఉన్నాడు. విజిల్ వేసి నడిచి వచ్చాడు.

"ముట్టలే నాయినా" అన్నాడు అన్న.

"నిన్నడగలే. నువ్వాగు."

వంగాడు. "పడ్డవా బిడ్డా, పడేసిండా?"

నేను మోకాలు పట్టుకుని నేల చూశాను. ఎప్పుడూ ఒక్కసారే అడిగే మనిషి ఆ రోజు మళ్లీ అడిగాడు. "తొందరేం లేదు. యాద్ చేస్కొని చెప్పు. పడ్డవా?"

"పడేసిండు" అన్నాను.

ఆయన లేచి, జేబులోంచి ఎర్ర ముక్క తీసి కొడుకు ముందు ఎత్తాడు. గోల్‌కు పోతున్నవాణ్ణి వెనక నుంచి పడగొడితే బయటికే. అన్న, తన తండ్రి ముఖం చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాడు. తననూ అడుగుతాడేమోనని చూశాడనుకుంటాను. తర్వాత చొక్కా తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కోచ్ చేతిలోని కాగితం మీద ఒక గీత గీశాడు. పెనాల్టీతో మేం గెలిచాం. మా వాళ్లు నన్ను భుజాలకెత్తుకుని, "సినిమాల వేషం ఇప్పిస్తం పోరా నీకు" అని నవ్వారు. చూసినవాళ్లందరికీ తెలుసన్నమాట.

అందరూ వెళ్లాక కూడా నేను ఇంటికి పోలేకపోయాను. రెఫరీ మామ నల్లా దగ్గర చేతుల సున్నం కడుక్కుంటున్నాడు. వెళ్లి వెనక నిలబడ్డాను.

"మామా, నేనే పడినాను" అన్నాను. ఏడుపులో ఇంటి మాట వచ్చేసింది.

ఆయన తిరగలేదు. "ఎరుకే. కండ్లతోటి చూసిన" అన్నాడు. "మీ ఇంట్ల పడేసినాడు అంటరు గద. నువ్వు పడేసిండు అన్నవ్. నా మాట తీస్కొని నాకే ఒప్పజెప్పినవ్."

తెలిసీ అన్నను ఎందుకు బయటికి పంపావని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు, చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ. "వాడు నా కొడుకు గాకుంటె ఊకో అనేటోన్ని. నా నోటితోని నా కొడుకును ఎట్ల బచాయిస్త? అందుకే నిన్ను రెండుసార్లు అడిగిన. తప్పు నీదొక్కనిదే గాదు."

నన్ను కొడతాడనుకున్నాను. ఆయన నా మోకాలు చూసి, నల్లా కింద పెట్టి కడిగాడు. కోచ్ వెళ్లిపోయాడనీ, ఇప్పుడు ఏం చెప్పినా ఆ కాగితం మారదనీ అన్నాడు. తర్వాత నేను ఇప్పటికీ మరవలేని మాట చెప్పాడు. "వానికి ఇయ్యాల్నే చెప్పు. మా ఇంటికి పో, చెప్పు. రేపటికి వాడు మనసుకు వేరే తీరు సర్దిచెప్పుకుంటడు. అప్పుడు నువ్వు చెప్పినా ఎక్కదు."

వాళ్ల గల్లీ మొదటిదాకా వెళ్లాను. అన్న గుమ్మంలో తల వంచుకుని కూర్చున్నాడు. రేపు చెబుదామని తిరిగొచ్చాను.

ఆ వారమే అన్న లేత్ మిషన్ పనిలో చేరాడు. మళ్లీ గ్రౌండ్‌కు రాలేదు. కనిపిస్తే నేనే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. అలా నాలుగేళ్లు గడిచాయి. రెఫరీ మామ చనిపోయిన రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆయన్ను బయట పడుకోబెట్టారు. అన్న నన్ను చూసి దగ్గరికొచ్చాడు. నేను నోరు తెరిచేలోగానే, "ఆ రోజు నిన్ను పడగొట్టిన తమ్మీ. మాఫ్ చెయ్" అన్నాడు.

"లేదన్నా. నువ్వు తాకలేదు. నేనే పడినాను."

అన్న తల అడ్డంగా ఊపాడు. "నాక్కూడ శానా రోజులు తగల్లేదనే అనిపించింది. కని నాయిన దగ్గరున్నడు, చూసిండు. తగలకుంటె ఎర్ర ముక్క ఎత్తుతడా? ఇయ్యాల ఆ మాట అనకు."

నాయినకు తెలుసని చెప్పాలి. ఆ తండ్రి అక్కడే పడుకుని ఉన్నాడు. చెప్పలేదు. తర్వాత హబ్సిగూడ టిఫిన్ సెంటర్ల దగ్గర ఎప్పుడైనా కలిస్తే, పక్కవాళ్లకు నన్ను చూపించి, "ఈ తమ్మిని చిన్నప్పుడు నేను పడగొట్టిన" అని పరిచయం చేసేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్లకు పైగా అలా నవ్వాను.

పోయిన నెల అన్న పోయాడు. పలకరించడానికి వెళితే ఆయన కూతురు కుర్చీ వేసింది. కాలేజీలో చదువుతోంది. "మీరేనా సార్? మా నాయిన చెప్పేటోడు. తప్పు చేస్తె సొంత కొడుకని గూడ చూడలేదట మా తాత" అంది. ఆ ఇంట్లో తాత గురించి మిగిలింది ఆ కథే. అది చెప్పుకుంటూనే ఆ పిల్ల పెరిగింది.

ఈసారి గల్లీ మొదట్లోనుంచి తిరిగిపోలేదు. "మీ నాన్న నన్ను తాకలేదమ్మా. నేనే పడినాను" అన్నాను.

ఆ అమ్మాయి, "మరి తాతకు తెల్వదా?" అని అడిగింది.

పడ్డవా, పడేసిండా అని అడిగిన మనిషి ముఖం గుర్తొచ్చింది.

"తెలుసు" అన్నాను.

ఆమె గోడ మీద తాత ఫొటో వైపు తిరిగి నిలబడింది. మ్యాచ్ రోజు సాయంత్రమే ఆ గుమ్మం దగ్గర అన్నకు చెప్పి ఉంటే ఆ మాట బరువు నా ఒక్కడిదే అయ్యేది. ఇప్పుడు దాన్ని ఆ పిల్ల కూడా మోయాలి.