మావయ్య కడుపులో గడియారం

"పెద్దాయనా, మీరు నడవడానికొచ్చారా, తినడానికొచ్చారా?"

కొండదారిలో మొదటిరోజు, మూడో కిలోమీటరు దగ్గర, గైడు మా మావయ్యని అడిగిన మాట ఇది. మావయ్య ఏమాత్రం నొచ్చుకోలేదు. "తినడానికే నాయనా. నడిస్తే ఆకలి బాగా వేస్తుందన్నారు, అందుకని వచ్చాను" అన్నాడు.

మా మావయ్యకి ఆకలి. ఆయన గురించి చెప్పాల్సింది అంతే, మిగతాదంతా వివరణ. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి, తన చేతికి మాత్రం ఒక్కనాడూ వాచీ పెట్టుకోలేదు. టైమెంతని అడిగితే పొట్ట మీద చెయ్యేసుకుని, ఒక్క క్షణం ఆలకించి, "పదకొండూ పది" అంటాడు. పదకొండూ పదే అయ్యుంటుంది. కొట్లో ఒక సొరుగు నిండా స్ప్రింగులు, ఇంకో సొరుగు నిండా బిస్కెట్లు. బాగుచేయించుకున్న వాచీల్లోంచి పొడి రాలుతోందని ఒకరిద్దరు తిరిగొచ్చారు కూడా. కొడుకు పుట్టాడని ఆస్పత్రికి పరిగెత్తి, ముందు క్యాంటీన్ ఎటో కనుక్కున్నాడట. అత్తయ్య ఆ సంగతి ఇప్పటికీ వదల్లేదు.

పదకొండు రోజుల నడక మా అక్క ఆలోచన. మావయ్య తనంతట తనే తగులుకున్నాడు. అక్క పోస్టాఫీసులో కౌంటరు గుమస్తా. అంతకుముందు ఏడాదే ఆపరేషన్ చేసి ఆవిడ ఊపిరితిత్తిలో ఓ ముక్క తీసేశారు. మంచం దిగిన దగ్గర్నుంచీ ఆఫీసు మెట్లు ఐదంతస్తులూ ఎక్కీ దిగీ, ఆ దారి చివరున్న రాయిని తన కాళ్లతో వెళ్లి ముట్టుకుంటే తప్ప తాను బాగుపడ్డట్టు కాదని భీష్మించుకుంది. దాన్ని ధైర్యం అని పొగిడేవాళ్లతో నాకు పడదు. అది మొండితనం. పనికొచ్చిందీ అదే.

గైడు మాత్రం కచ్చితమైన మనిషి. ఆయాసంతో ఆగినవాళ్లని సామాన్ల జీపెక్కించి వెనక్కి పంపేస్తాడు. అందుకని అక్క ఆపరేషన్ మాట దాచింది. మాకు వార్నింగు కూడా ఇచ్చింది. "నన్ను చూసి ఎవరైనా 'కాసేపు కూర్చో' అన్నారో, మన మధ్య అదే ఆఖరి మాట."

మేం నోరు మూసుకున్నాం. మూయనిది మావయ్యే. గంటకోసారి నడిదారిలో చతికిలబడేవాడు. "ఇంక నావల్ల కాదు. కళ్లు తిరుగుతున్నాయి. రొట్టె!" లోయ చూస్తే ఆకలి. మబ్బు పడితే ఆకలి. బూటులో రాయి దూరినా ఆకలే. ఇక సంచిలోంచి ఓ గుడ్డమూట బయటికొచ్చేది. దాని ముడి విప్పడానికి పావుగంట.

"చాకు ఇవ్వనా?" అన్నాడు గైడు పళ్లు కొరుకుతూ.

"వద్దు నాయనా. మంచి ముడి, పాడైపోతుంది."

"ఛీ, నీ పొట్ట పాడుగానూ! పరువు తీస్తున్నావు మావయ్యా" అని అక్క తిట్టి, రాతికి చేరగిలబడి కళ్లు మూసుకునేది.

తొమ్మిదోరోజు నిట్టనిలువు ఎక్కుడు. గైడు ముందే చెప్పాడు. "ఇవాళ ఆగారంటే వెలుతురుండగా పైకి చేరం. రాత్రికి మధ్య బసలో దిగిపోవాలి, ఇవాళ అక్కడ వేరే జనం లేరు కాబట్టి ఇల్లు మొత్తం అద్దె మీ నెత్తినే."

"అర్థమైంది" అన్నాడు మావయ్య బుద్ధిగా. రెండొందల అడుగులు వేసి కూలబడ్డాడు. "ఆకలి."

"ఇప్పుడేగా తిన్నారు!"

"అది ఇందాకటి ఆకలి."

అక్క నా వెనకే బండకి ఆనుకుని, పెదవులు నల్లబడి నిలబడి ఉంది. నాకు అది పట్టించుకునే తీరిక లేదు, మావయ్య మీద అరుస్తున్నాను. "నీ పొట్టకి నేనెందుకు కట్టాలి? అద్దెలో నా వాటా ఇవ్వను!"

"ఇవ్వకు. నేనే కడతాలే. అరటిపండు తింటావా?"

ఆ సాయంత్రం బసలో గైడు వాచీ ఆగిపోయింది. మావయ్య అక్క దగ్గర పిన్నీసు అడిగి పుచ్చుకుని, కిటికీ దగ్గర మసక వెలుతుర్లో దాని వెనకమూత ఊడదీశాడు. గసగసాల గింజంత మర ఒకటి తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. ఐదు నిమిషాలు.

నేను ఆ వేళ్లకేసి చూశాను. తర్వాత పక్కనున్న గుడ్డమూటకేసి చూశాను. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ముడి జారిపోయింది. లోపల ఆ రోజంతా తిన్న రొట్టె. దానికి ఒక్కటంటే ఒక్క కొరుకు.

"మావయ్యా, దీనికి పావుగంటా?"

"ష్, అక్క పడుకుంది" అన్నాడు. "మళ్లీ కట్టెయ్. పైకి చిక్కుపడినట్టు కనబడాలి సుమా."

ఒకరోజు ఆలస్యంగా, పన్నెండోరోజు అక్క రాయిని ముట్టుకుంది. ముట్టుకుని, గైడుతో సహా అందరికీ వినబడేలా చెప్పింది. "దారి మొత్తంలో ఒక్కసారైనా నేను ఆగుదామన్నానా? ఆపిందంతా ఈ మావయ్యే!"

"నిజమే తల్లీ. వెధవ పొట్ట" అన్నాడు మావయ్య.

కిందికి దిగాక మొదటి హోటల్లో ఆయన నిజంగా తిన్నాడు. ఏడో పళ్లెం దగ్గర గైడు లెక్కపెట్టడం మానేశాడు. అక్క తన పళ్లెంలోది కూడా సగం తీసి ఆయన ముందుకి తోసింది, తిడుతూనే.

బస అద్దె మొత్తం మావయ్యే కట్టాడు. నా వాటా నేనింకా ఇవ్వలేదు.