చచ్చిన రాజును లేవొద్దన్న కైలాసం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఎక్కడడిగినా చెప్తరు, రాజు వేషమంటే నాదే. నల్లగొండ పోటీల్ల వెండి కప్పు తెచ్చిన. నా పద్యానికి వన్స్‌మోర్ పడని నాటకం లేదు. అందుకే పందొమ్మిది వందల అరవై నాలుగుల మిర్యాలగూడ వడ్ల వ్యాపారి కైలాసం నాటకం రాసుకొని నా దగ్గరికే వచ్చిండు. ఇంగ్లీషు విషాద నాటకాల పద్ధతి అది. గద్దె మీద ఆశతోటి సేనాపతి రాజును పొడుస్తడు, ఆ భయంతోనే తనూ నాశనమైతడు.

నాకు నమ్మబుద్ధి కాలే. ఇంగ్లీషు ముక్క రానోడు ఇది రాస్తడా?

"ఎవరిది కొట్టుకొచ్చినవ్ సేటూ?" అన్న.

"బడి సారు ఇంగ్లీషు కథలు చెప్తే విన్ననన్నా. మాటలన్నీ నావే."

ఊరందరికీ నా అనుమానమే. అయినా ఆట బాగుంటే రచయితకు దండ వేస్తమన్నరు ఆట పెట్టించే సూర్యాపేట పెద్దలు. కైలాసం ఆ దండ కోసమే కండ్లల్ల వత్తులేసుకొని ఉన్నడు.

సూర్యాపేటల ఆట. కత్తిపోటు తిని, పద్యం పాడి, పడిపోయిన. "వన్స్‌మోర్!" అని జనం ఒకటే కేక. మన రివాజు ప్రకారం చచ్చినోడు లేచి మళ్ల పాడాలె. లేచిన.

తెర పక్క నుంచి కైలాసం ఉరికొచ్చిండు. "పండుకో అన్నా! చచ్చినోడు లేస్తే చంపినోనికి భయమెక్కడిది? నా నాటకం ఖతమైతది!"

పద్యం ఆగేసరికి జనం ఈలలేసి ఆయన్ను తిట్టిండ్రు. పెద్దలు దండ వాపసు తీస్కపోయిండ్రు.

నాటకం దొంగ సొమ్మయితే కైలాసం ఆ కేకలకు మురిసేటోడే. దండ పోగొట్టుకొని కొట్లాడిండంటే రాసింది ఆయనే. మళ్ల ఆ నాటకం ఆడినప్పుడల్ల ఎంత మంది కేకలేసినా నేను లేవలే.