బాదం చెట్టెక్కిన ప్రయాణికులు

మా బాబాయ్ సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన బస్సులో "చోటు లేదు" అనే మాట ఏనాడూ వినపడలేదని ఆ రూట్లో వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు గాల్లో పెట్టి వేలాడేవాడిని కూడా "లోపలంతా ఖాళీయే, ముందుకు జరగండి" అంటూ ఎక్కించేసేవాడు. ఆ ఖాళీ ఆయన కంటికి తప్ప ఇంకెవరికీ కనబడేది కాదు. బస్సు నడిపే డ్రైవరు అద్దంలో వెనక్కి చూసి, ఒక నిట్టూర్పు విడిచి గేరు మార్చేవాడు. ఉద్యోగాలు అయిపోయినా వాళ్ళిద్దరి వరస మారలేదు. రోజూ బాబాయ్ దగ్గరికి డ్రైవరు వస్తాడు. బాబాయ్ మాట్లాడతాడు, డ్రైవరు నిట్టూరుస్తాడు.

బాబాయ్, పిన్ని అద్దెకుండేది ఒక మేడ వెనకాల పెరట్లో, రేకుల గదిలో. మేడ మీద ఇంటావిడ కుటుంబం ఉంటుంది. వీళ్ళది ఒకటే గది. బీరువా తలుపు పూర్తిగా తెరవాలంటే మంచం మీదున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. పిన్నికి ఉబ్బసం. ఎండలు ముదిరి రేకులు కాలాయంటే ఆ గదిలో గట్టి ఊపిరితిత్తులున్నవాళ్ళకే గాలాడదు. అయినా వాళ్ళు అక్కడే ఉండిపోవడానికి కారణం బాదం చెట్టు. రేకుల మీదకు, సగం పెరటి మీదకు గొడుగు పట్టినట్టు పరుచుకుని ఉండేది. పిన్ని మధ్యాహ్నమంతా దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక్కో ఊపిరీ పొదుపుగా వాడుకుంటూ పొద్దు గడిపేది. ఆవిడ ప్రాణం సగం మందుల్లో ఉంటే సగం ఆ ఆకుల్లో ఉండేది.

పోయినేడు ఆ ఆకులకు గొంగళిపురుగులు పట్టాయి. మొదట్లో ఒకటీ అరా కనబడ్డాయి. చూస్తుండగానే మానుకు బొచ్చు కంబళి కప్పినట్టయింది. మేడ మీద ఆరేసిన బట్టల్లోకి దూరాయి. ఇంటావిడ భర్త బనీను తొడుక్కుని మెట్ల మీద చిందులు తొక్కాడని విని నేను పడీపడీ నవ్వాను. ఆ వారమే నా కాలర్లో ఒకటి పడితే, దారినపోయే నలుగురూ చూస్తుండగా నేనూ చొక్కా విప్పాల్సి వచ్చింది. ఇంటావిడ మనిషిని పిలిపించి మందు కొట్టించింది. సాయంత్రానికి పిన్ని పెదాలు నీలంగా మారాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బాబాయ్ దారిపొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోరు మూతపడటం నేను చూడటం అదే మొదలు.

ఈ ఏడు పురుగులు మళ్ళీ కనబడగానే ఇంటావిడ వచ్చి సంగతి తేల్చి చెప్పింది. మందైనా కొట్టించుకోనివ్వాలి, లేదంటే చెట్టైనా కొట్టించేస్తానంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. పిన్నికి ఆయాసం వచ్చినప్పుడల్లా కషాయంలాంటిదేదో కాచి పంపేది. పిన్ని దాన్ని ఆవిడ మనసు నొచ్చుకోకుండా చెట్టు మొదట్లో పోసేది. కానీ ఆవిడకు పాకే వయసు మనవరాలుంది. వానల దాకా ఆగుతానంది.

మందు కొడితే పిన్నికి ఊపిరి ఉండదు. చెట్టు పోతే నీడ ఉండదు. ఈ రెంటి మధ్యా బాబాయ్ వెతుక్కున్న మూడో దారి పిట్టలు. పిట్టలుంటే పురుగులుండవని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట. ఇక చూడండి హడావుడి. పాత మూకుడు ఒకటి కొమ్మల పంగలో ఇరికించి నీళ్ళు పోశాడు. గోడ మీద డబ్బా మూతలు పేర్చాడు. పళ్ళెంలో నూకలు పట్టుకుని చెట్టు కింద నిలబడి, పాత గొంతు బయటికి తీశాడు.

"రండి, రండి. కొమ్మంతా ఖాళీయే. ముందుకు జరగండి."

రెండు రోజులు ఒక్క రెక్క కూడా వాలలేదు. కుర్చీలోంచి పిన్ని అడిగింది.

"బోర్డు పెట్టారా? ఏ రూటో తెలియకుండా ఎలా ఎక్కుతాయండీ పాపం."

తర్వాత ఒక పిచ్చుక వచ్చింది. అది వెళ్ళి ఎవరికి ఏం చెప్పిందో గానీ పిచ్చుకలు, గోరింకలు, పావురాలు, కాకులు, బస్టాండు ఖాళీ అయినట్టు వచ్చిపడ్డాయి. బాబాయ్ ఎవర్నీ కాదనలేదు. నూకలు చాలకపోతే అన్నం పెట్టాడు. గుడ్డి కాకి ఒకటుంటే దానికి వేరే మూత. పిన్నికి కూడా ఆ సందడిలో దగ్గు గుర్తుకు రావడం తగ్గింది.

పురుగులు మాత్రం తగ్గలేదు. ఒకసారి నేను కళ్ళారా చూశాను. ఒక గోరింక కడుపు నిండా నూకలు తిని కొమ్మెక్కి, ముక్కు అటూ ఇటూ తుడుచుకుని కునుకు తీసింది. దాని పక్కనే ఒక గొంగళిపురుగు తీరిగ్గా ఆకు కొరుక్కుంటోంది. పక్కపక్క సీట్లలో కూర్చున్న పరిచయం లేని ఇద్దరు ప్రయాణికుల్లా, ఒకరి జోలికి ఒకరు పోలేదు. నేనలా నోరు తెరుచుకుని చూస్తుండగా పైనుంచి ఏదో నా భుజం మీద పడింది. తుడుచుకున్నాననే అనుకుని ఆఫీసు మీటింగుకు వెళ్ళాను. మా మేనేజరు గంటసేపు నా మొహం వదిలేసి భుజంతోనే మాట్లాడాడు.

నా సంగతి సరే, ఇంటావిడ బట్టల గతి ఆలోచించండి. మాసిన దుప్పటి చేత్తో పట్టుకుని దిగింది.

"పురుగులొక్కటే అనుకున్నాను కండక్టరుగారూ. ఇప్పుడు పిట్టల్ని కూడా అద్దెకు దింపారా?"

బాబాయ్ తల దించుకున్నాడు. ఆవిడ వెళ్ళాక డ్రైవరు ఎప్పటిలాగే నిట్టూర్చి, ఎప్పుడూ లేనిది నోరు విప్పాడు.

"కడుపు నిండినోడు హోటల్ దగ్గర బస్సు ఆపమనడం ఎప్పుడైనా చూశావురా?"

బాబాయ్‌కి మొహం పాలిపోయింది. ఆ రోజునుంచి నూకలు బంద్, ఒట్టి నీళ్ళే అని ప్రకటించాడు. వారం తిరిగినా పిట్టలు కదల్లేదు, పురుగు జోలికీ పోలేదు. ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళి చూద్దును కదా, పిన్ని తన కంచంలో అన్నం మెతుకులు ఒళ్ళోంచి కింద పడేసి, వాటిని పాదంతో కుర్చీ వెనకాలకు తోస్తోంది. గోడ మలుపులో బాబాయ్ చొక్కా జేబు తిరగేసి నూకలు దులుపుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"మానేశానన్నారుగా?" అంది పిన్ని.

"నువ్వూ వద్దన్నావుగా."

"ఇంటికొచ్చిన పిట్టలు మొహంలోకి చూస్తుంటే ఏం చెయ్యనండీ?"

ముగ్గురం నవ్వాం. పిన్ని నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆయాసంలోకి దిగింది. పీల్చే మందు రెండుసార్లు పీల్చినా పిల్లికూత ఆగలేదు. ఆవిడ వీపు రాస్తూ బాబాయ్ చెట్టు వైపు చూశాడు. పైకొమ్మల ఆకులు అప్పటికే జల్లెడలయ్యాయి. వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆవిడ తల మీద పడుతోంది. ఆ పూటే ఇద్దరూ చెయ్యిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు.

ఈసారి నిజంగానే మానేశారు. పిట్టలు రెండు రోజులు నానా తిట్లూ తిట్టి, వేరే ఇళ్ళు చూసుకున్నాయి. అసలు వాటిలో ఎన్నిటికి ఆ బొచ్చుపురుగు గొంతు దిగుతుందో ఎవరికి తెలుసు. పెరడు బోసిపోయింది. అప్పుడొచ్చింది జెముడుకాకుల జంట. కాకంత నలుపు, ఇటుకరంగు రెక్కలు, టిక్కెట్టు లేనివాడు నక్కినట్టు కొమ్మ చాటున నడక. అవి నూకల మూత వైపు చూడనైనా చూడలేదు. గొంగళిపురుగును ముక్కున పట్టి, కొమ్మకేసి రాచి గుటుక్కున మింగాయి. మళ్ళీ ఇంకోటి. బాబాయ్ ఊపిరి బిగబట్టి చూశాడు. ఒక్క కేక వెయ్యలేదు, జరగమనలేదు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి గుసగుసగా చెప్పాడు, అవెక్కడ వింటాయోనని.

ఆ వారంలోనే మేడ మీద మనవరాలి కంటిరెప్ప వాచింది. గొంగళి బొచ్చు కంట్లో పడిందన్నారు. పిల్లకు రెండో కన్ను కూడా తెరుచుకోలేదు. బాబాయ్ మెట్ల దగ్గరికి వెళ్ళి, కొన్నాళ్ళు ఆగమన్నాడు. జెముడుకాకుల సంగతి చెప్పబోయాడు. ఇంటావిడ కళ్ళు కూడా ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"మీరెవరికీ లేదనరని తెలుసు. నేనూ ఇన్నాళ్ళూ మీకు లేదనలేదు. ఇక నావల్ల కాదు కండక్టరుగారూ."

బాబాయ్ పెరట్లోకి తిరిగొచ్చి, కొమ్మల పంగలోంచి మూకుడు కిందకు దించాడు.

చెట్టు కొట్టే రోజు పిన్నిని మా ఇంట్లో ఉంచాం. తిరిగొచ్చేసరికి పెరడు నిండా వెలుతురు. ఆవిడ గుమ్మంలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇంత చిన్న పెరడా మనది?" అంది.

ఇప్పుడు పొద్దున పూట ప్రహరీ గోడ పక్కన కాస్త నీడ ఉంటుంది. పిన్నిని అక్కడ కూర్చోబెడతారు. నీడ తగ్గేకొద్దీ బాబాయ్ కుర్చీని గోడ దగ్గరికి జరుపుతుంటాడు. మధ్యాహ్నానికి ఇక జరపడానికి ఏమీ మిగలదు. అప్పుడు లోపలికి వెళ్ళి, రేకుల కింద తడిగుడ్డ మెడకు చుట్టుకుని సాయంత్రం దాకా కాచుకోవడమే. చల్లటి ఇల్లు చూసుకోమంటాడు డాక్టరు. అలాంటి ఇళ్ళు డాక్టర్లకే దొరుకుతాయి. జెముడుకాకులు మళ్ళీ కనబడలేదు. పిన్ని మాటలు కూడా బాగా పొదుపు చేస్తోంది.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి డ్రైవరు కూడా ఉన్నాడు. ఎక్కడినుంచో పాత గోరింకలు నాలుగైదు వచ్చాయి. కొమ్మలుండాల్సిన చోట గాల్లో ఒక చుట్టు తిరిగి, బట్టల తీగ మీద ఇరుగ్గా వాలాయి. బాబాయ్ అలవాటుగా లేచి జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమండీ," అంది పిన్ని. ఊపిరి అందాక మిగతాది అంది. "చెప్పండి వాటికి."

ఆయన జేబులోంచి ఒట్టి చెయ్యే బయటికి తీశాడు.

"చోటు లేదమ్మా," అన్నాడు చివరికి.

తీగ దాకా వెళ్ళేటంత గొంతు కూడా కాదది. గోరింకలు కదల్లేదు. డ్రైవరు నిట్టూరుస్తాడనుకున్నాను, నిట్టూర్చలేదు. గోడ నీడ పిన్ని మోకాళ్ళు దాటి వెనక్కి పోయింది. డ్రైవరు లేచి కుర్చీకి ఒక పక్క చెయ్యి వేశాడు. రెండో పక్క బాబాయ్ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆవిడను కుర్చీతో సహా ఎత్తి, రేకుల గదిలోకి మోసుకెళ్ళారు.