అక్క పేరు మీద వచ్చిన ఉత్తరం

ఆకలేసి చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు. ఇంట్లో అన్నం ఉంది, పప్పు ఉంది, బ్యాంకులో అంతో ఇంతో ఉంది. నేను కొట్టేసింది మొహానికి రాసుకునే క్రీమ్ డబ్బా. ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

అప్పుడు నేను అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉంటూ మాస్టర్స్ చదువుతున్నాను. మా అపార్ట్‌మెంట్స్‌లోనే పక్క బిల్డింగ్‌లో ఒక అక్క ఉండేది. కర్నూలు వైపు మనిషి, మొగుడూ పెళ్ళాలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. నాకు చుట్టమేమీ కాదు. అయినా నేను దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆమే, జ్వరమొస్తే చారు కాచి పంపిందీ ఆమే. శనివారం వస్తే మా స్టూడెంట్స్ నలుగురినీ కార్‌లో ఎక్కించుకుని సరుకులకి తీసుకెళ్ళేది. బిల్లింగ్ దగ్గర మెంబర్ నంబర్ అడిగితే మేమంతా అక్క ఫోన్ నంబరే కొట్టేవాళ్ళం. పాయింట్లన్నీ ఒకచోట చేరితే ఆమెకి గ్యాస్ మీద, అంటే కార్ పెట్రోల్ మీద డిస్కౌంట్ వస్తుంది. ఊరికే తిప్పుతోంది కదా, ఆ మాత్రం చేయొద్దా అనేవాళ్ళం. అక్క లేకుండా వెళ్ళినా అదే అలవాటు.

ఆ బుధవారం క్లాస్ అయ్యాక ఒక్కదాన్నే నడుచుకుంటూ వెళ్ళాను. మన బిల్లు మనమే చేసుకునే సెల్ఫ్ చెకౌట్‌లో అక్క నంబర్ కొట్టి ఉల్లిపాయలు, పెరుగు, కొత్తిమీర స్కాన్ చేశాను. క్రీమ్ డబ్బాని కొత్తిమీర కట్ట చాటున పట్టుకుని సంచిలోకి జార్చాను. అది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఎవరూ చూడలేదు, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా నేనూ ధైర్యం తెచ్చుకున్నాను.

తలుపు దగ్గర మామూలు బట్టల్లో ఉన్న ఒకాయన ఆపాడు. అరవలేదు, చెయ్యి పట్టుకోలేదు. మర్యాదగా లోపలికి రమ్మని వెనక చిన్న గదిలో కూర్చోబెట్టాడు. ఐడీ అడిగితే ఇంట్లో ఉందన్నాను, అదొక్కటే ఆ రోజు నేను చెప్పిన నిజం. నా బుర్రలో వీసా, పోలీస్, డిపోర్ట్ తప్ప ఇంకేమీ లేవు. ఆయన కంప్యూటర్‌లో నా బిల్లు తీశాడు. స్క్రీన్ మీద అక్క పేరు, అడ్రస్ కనిపించాయి. ఇది మీరేనా అని అడిగాడు.

తలూపాను.

ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. ఇక ఈ స్టోర్‌లో అడుగుపెట్టనని ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే, అక్క పేరే పెట్టాను. పోలీసుల్ని పిలవట్లేదు, మా లాయర్ల దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది అని చెప్పి పంపేశాడు. బయటికొచ్చి బతికిపోయాననుకున్నాను. ఛీ, నిజంగానే అలా అనుకున్నాను.

మూడు వారాలకి అక్క ఫోన్ చేసి రమ్మంది. డైనింగ్ టేబుల్ మీద ఏదో లా ఆఫీస్ ఉత్తరం. ఫలానా బుధవారం మీరు మా క్లయింట్ స్టోర్‌లో వస్తువు దొంగిలించారు, నష్టపరిహారం కట్టండి, లేకపోతే కోర్టుకి వెళ్ళే హక్కు మాకుంది అని రాసుంది.

"నేనేంటే, దొంగతనమేంటే! ఆ రోజంతా నేను ఆఫీస్‌లో ఉన్నాను" అని నవ్వింది అక్క.

"స్కామ్ అయ్యుంటుందక్కా. ఈమధ్య ఇలాంటివి బోలెడు. పట్టించుకోకు" అన్నాను. ఆమె పెట్టిన ఉగ్గాణి తింటూ అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

రెండో ఉత్తరం వచ్చేసరికి అక్క నవ్వలేదు. నెల తిరక్కుండానే ఆమె చెల్లెలి పెళ్ళి. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి అక్కడి కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ తప్పదు. అక్కడ ఈ దొంగతనం సంగతి బయటపడి వీసా ఆపేస్తే ఉద్యోగం, ఇల్లు అన్నీ గాల్లో దీపమే. అవి పోలీస్ కేసు కాగితాలు కావని, డబ్బు అడిగే ఉత్తరాలేనని ఎవరో చెప్పినా ఆమెకి నమ్మకం కుదరలేదు.

"పెళ్ళికి వెళ్ళనే" అంది, ల్యాప్‌టాప్‌లో టికెట్ క్యాన్సిల్ చేసే పేజీ తెరిచి. "మీ బావగారేమో నా నంబర్ పిల్లలెవరో వాడుంటారు, అడగమంటాడు. మా పిల్లలు అలాంటి పనులు చేయరని గట్టిగా తగులుకున్నాను. రెండు రోజుల్నుంచి మాటల్లేవు మా ఇద్దరికీ."

మా పిల్లలు.

"అక్కా, నేనే" అన్నాను.

ఆమె అర్థం కానట్టు చూసింది. మొత్తం చెప్పాను. క్రీమ్, గది, స్క్రీన్, సంతకం. ఏడుస్తూనే చెప్పాను గానీ, ఆ ఏడుపు చూసి జాలిపడుతుందేమోనని ఆమె మొహం వైపు దొంగచూపులు కూడా చూశాను. అంత సిగ్గుమాలినదాన్ని.

అక్క ల్యాప్‌టాప్ మూసేసి ఉత్తరం నా ముందుకి జరిపింది. "ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందే."

చేశాను. అవతలి మనిషికి నా అసలు పేరు అక్షరం అక్షరం చెప్పాను. పాస్‌పోర్ట్ కాపీ పంపాను, జరిగింది రాసి సంతకం పెట్టాను. ఈసారి ఉత్తరం నా పేరు మీద వచ్చింది, అడిగినంతా కట్టాను. పెళ్ళి ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, ఈ వ్యవహారంలో మీకు సంబంధం లేదని అక్క పేరు మీద ఒక కాగితం వచ్చింది. దాన్ని చూపించడానికి ఆమె నన్ను కిందికి పిలిచింది. కార్‌లో కూర్చునే ఉంది, నేను పక్క సీట్‌లో కూర్చున్నాను.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ గదిలో తలూపేటప్పుడు నేను గుర్తొచ్చానా? లేక భయంతో ఏం చేస్తున్నావో తెలీలేదా?"

తెలీలేదంటే సరిపోయేది. ఆమె నాకు దారి చూపించి మరీ అడిగింది. కానీ అప్పటికే ఆమెతో చాలా అబద్ధాలాడాను.

"గుర్తొచ్చావక్కా. నువ్వైతే ఏమీ అనవనిపించింది."

అక్క ఆ కాగితం మడిచి బ్యాగ్‌లో పెట్టుకుంది.

"సరే, దిగు" అంది.

పెళ్ళికి వెళ్ళింది, స్టాంపింగ్ అయింది, తిరిగొచ్చింది. ఇవన్నీ వేరేవాళ్ళు చెబితే తెలిశాయి. ఇంకో ఏడాదిన్నర అదే అపార్ట్‌మెంట్స్‌లో ఉన్నాను, పార్కింగ్‌లో ఎదురుపడితే తలూపి వెళ్ళిపోయేది. నేను చేసిన పని అక్కడ ఒక్కరికి కూడా చెప్పలేదు. నేను అనుకున్నదే నిజమైంది, నన్ను పల్లెత్తు మాట అనలేదు.